ఆగని మోట

పెద్దమందడికి పడమట ఒక చిన్న పల్లెలో నాగన్న, హన్మంతు అనే అన్నదమ్ములుండేవారు. యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ యుద్ధం సంగతి పల్లెకు పెద్దగా పట్టలేదు. కిరసనాయిలు దొరకనప్పుడు తిట్టుకోవడానికి పనికొచ్చేది, అంతే. ఊరందరి నోటా నానింది మాత్రం హన్మంతు మోట సంగతి.

తొలికోడి కూయకముందే ఆ మోట చప్పుడు మొదలయ్యేది. ఎద్దులు రాళ్ళ దారి వెంట కిందికి నడిస్తే గిలక కిర్రుమని తోలు బొక్కెన బాయిలోంచి పైకొచ్చేది, తొట్టిలో నీళ్ళు కుమ్మరించేది. ఎద్దులు వెనక్కి నడిస్తే బొక్కెన మళ్ళీ దిగేది. ఎవరి మోటైనా ఇంతే. కానీ ఎవరి మోటైనా పొద్దెక్కేసరికి ఆగుతుంది. ఎద్దులను విప్పి, ఇంత గటక తిని, నీడలో నడుం వాలుస్తారు. హన్మంతు మోట ఆగేది కాదు. ఎర్రటి ఎండలో, గద్దలు కూడా చెట్టు దిగని వేళ, ఆ గిలక చప్పుడు వినపడుతూనే ఉండేది.

"మనిషంటే గట్లుండాలె" అని తండ్రులు కొడుకులకు చూపించేవారు. బద్ధకస్తుల పెళ్ళాలు మొగుళ్ళను హన్మంతు పేరు పెట్టి దెప్పేవారు. ఎద్దులు నురగలు కక్కుతుంటే పెద్దవాడు నాగన్న రెండో జత తెచ్చాడు. ఒక జత మేత మేస్తుంటే ఇంకో జత మోట లాగేది. తోలే మనిషికి మాత్రం మారు లేడు. ఈ మాట ఎవరికీ తోచలేదు. తోచినా నాగన్న పైకి అనడు. ఆ ఏడు ఆయన పక్క మడి కూడా కౌలుకు పట్టాడు, రెండు మళ్ళూ పచ్చగా కళకళలాడుతున్నాయి.

హన్మంతు భార్య జములమ్మ ఒక్కతే ఆ చప్పుడు విని బెంబేలు పడేది. ఆయన కూర్చొని అన్నం తిని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. ముద్ద చేతిలో పెట్టుకొని వాకిట్లో తిరుగుతూ తినేవాడు. సగం ముద్ద కుక్కలకే పోయేది. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం పెద్దవై మెరిసేవి. ఒక రోజు గడగడా ఆగకుండా మాట్లాడేవాడు, మర్నాడు పలకరించినా పలికేవాడు కాదు.

"జర కూసోరాదయ్యా" అని ఆమె బతిమాలింది.

"కూసుంటే అయితలేదే. లోపట ఏందో ఉరుకుతున్నది. నేనాగినా అది ఆగుతలేదు" అన్నాడాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బావ ఎదుటికి వచ్చి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో కోడళ్ళకు లేదు. తలుపు చాటున నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చెప్పాలి. జములమ్మ అట్లాగే నిలబడి చెప్పింది. "బావా, ఆయనకు పానం బాగలేదు. నిద్ర లేదు, తిండి లేదు. ఎవర్నన్న సూపియ్యాలె."

నాగన్న పకపకా నవ్వాడు. "మొగడు తాగి పండుకుంటే ఏడ్సేటోళ్ళను జూసిన గని, పని జేస్తుండని ఏడ్సేదాన్ని నిన్నే జూస్తున్న. పో, పొయ్యి పని జూడు."

ఆ నవ్వు ఎండాకాలం దాకా సాగింది. మాఘం పోయి, ఎండలు ముదిరి, బాయిలో నీళ్ళు అడుగుకు దిగాయి. ఊళ్ళో మోటలన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయి. హన్మంతు మోట ఆగలేదు. బొక్కెన నిండా బురద పైకొచ్చేది, ఆయన దాన్నే తొట్టిలో పోసేవాడు. కొన్నాళ్ళకు బురద కూడా రాలేదు. ఖాళీ బొక్కెన రాళ్ళకు కొట్టుకుంటూ దిగేది, కొట్టుకుంటూ ఎక్కేది.

నాగన్న వచ్చి ఎద్దులను విప్పుకొని పోయాడు. హన్మంతు మోకు తన భుజానికి వేసుకొని, తానే ఎద్దై ఆ దారి వెంట కిందికి నడిచాడు, మళ్ళీ వెనక్కి నడిచాడు. బాయి గట్టు మీద జనం గుమిగూడారు. నిన్నటిదాకా కొడుకులకు చూపించినవాళ్ళే ఇవాళ పిల్లల కళ్ళు మూసి ఇంటికి తోలుకుపోయారు. చూడండి ఈ లోకం తీరు. బాయిలో నీళ్ళున్నన్నాళ్ళూ అది కష్టం, నీళ్ళు ఇంకిపోయిన మర్నాటికి అది పిచ్చి. మనిషి మాత్రం రెండు పూటలా ఒక్కడే.

నాగన్నకు దిక్కు తోచలేదు. ఆయన చెడ్డవాడేం కాదు, తమ్ముడంటే ప్రాణం. కానీ పెద్దకొడుకు కృష్ణయ్యకు ఖిల్లా ఘణపూర్ నర్సమ్మ చిన్న కూతురితో తాంబూలాలు పుచ్చుకొని ఉన్నాడు. తమ్ముడికి పిచ్చి లేచిందని ఆ ఊరి దాకా పాకితే అంతే సంగతులు. అందుకని హన్మంతుకు వాతం పట్టిందని, నడవలేకపోతున్నాడని చెప్పించాడు. నడక ఆపలేక చస్తున్న మనిషికి నడవలేని రోగం అంటగట్టారు. కొట్టంలో కాలికి గొలుసు వేసి తలుపు గడియ పెట్టారు.

చాటుగా ఒక భూతవైద్యుడు వచ్చాడు. ఎవరి సమాధి దాటావు, ఎవరింట్లో ఏం తిన్నావు అని అడిగాడు. నిమ్మకాయలు కోశాడు, వేపబెత్తాలు విరిగేదాకా కొట్టాడు. తలుపులు మూశాం కాబట్టి ఊరికి వినపడదని నాగన్న అనుకున్నాడు. ఊరికి అంతా వినపడింది. కానీ విననట్టు ఉండటమే పెద్దమనుషుల మర్యాద గదా, అందరూ ఆ మర్యాద పాటించారు.

జములమ్మ అన్నం పట్టుకొని కొట్టంలోకి పోయినప్పుడల్లా నేల చూసేది. గొలుసు ఎంత మేరకు సాగుతుందో అంత మేరకు మట్టి అరిగి దారి పడింది. ఒకనాడు ఆయన ఆ దారిలోనే నిలబడి మెల్లగా అడిగాడు.

"జములా, గా గొలుసు జర విప్పవే. బాయిల దిగుత."

"బాయిల నీళ్ళు లేవు గదయ్యా."

"నీళ్ళెందుకే. దిగితే సాలు. అప్పుడన్న ఆగుతదేమో."

ఆయన అడిగిందేమిటో ఆమెకు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆమెకు నిలకడ లేదు. వాకిట్లో చిన్న చప్పుడైతే కొట్టం వైపు పరుగెత్తేది. గొలుసు ఉంటే ఈ మనిషి లోపల్లోపల చస్తాడు, గొలుసు తీస్తే బాయిలో చస్తాడు. ఎవర్ని అడగాలి? అడిగితే పిచ్చోడని ఒప్పుకున్నట్టు. అడగకపోతే ముండమోయడమే.

అప్పుడు వచ్చాడు ఖాజా మియా. ఎద్దుల గిట్టలకు నాడాలు కొట్టే పని ఆయనది. ఊరూరూ తిరిగేవాడు, ఏడాదికి రెండు మూడుసార్లు ఈ ఊరూ వచ్చేవాడు. నాగన్న ఎద్దుల్లో ఒకదాన్ని పడేసి, కాళ్ళు కట్టి, గిట్ట చూసి ఆగిపోయాడు.

"అరే, మొన్న దీపావళికి గొట్టిన నాడాలు గివి. కాయితం లెక్క అరిగినయి" అన్నాడు. నాగన్న ఏదో గొణిగి అవతలికి పోయాడు. జములమ్మ నీళ్ళ చెంబు తెచ్చి పెడితే, ఖాజా మియా తలెత్తకుండానే అడిగాడు. "చెల్లే, ఎద్దులు జతలు మారినంక గూడ గింత అరిగినయంటే, తోలినోడు ఎంత అరిగి ఉంటడు? హన్మంతు యాడున్నడు?"

ఇన్ని నెలల్లో ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే. జములమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. కొట్టం వైపు వేలు చూపింది.

ఖాజా మియా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పోయినేడు మా హుసేన్‌బీకి బాగలేకుండె. గోడకు ఆనుకొని కూసున్నదంటే పొద్దుగూకినా లేవకపోయేది. పొయ్యి ముట్టియ్యదు, పిల్లల దిక్కు సూడదు. దర్గా ఉర్సుకు పోతున్నమని జెప్పి రైలెక్కిచ్చిన. పోయింది ఉర్సుకు గాదు చెల్లే, పాదిరోళ్ళ మిషన్ దవాఖానకు. రెండు నెల్లున్నం. ఇప్పుడు మంచిగనే ఉన్నది. ఊరోళ్ళు దర్గా మహిమ అన్నరు. నేను ఊకున్న."

జములమ్మకు సంతోషం రాలేదు, ఒళ్ళు మండిపోయింది. "మల్ల గీ సంగతి అప్పుడే ఎందుకు జెప్పకపోతివి ఖాజన్నా? నీకు దారి తెల్సు. నేను నెలల సంది సస్తున్న."

ఖాజా మియా చేతిలో సుత్తిని అటు ఇటు తిప్పాడు. "పిచ్చిదాని మొగడని ఎవడన్న అంటే నేను ఓర్వను చెల్లే. అది అసలే ఓర్వది. నా పేరు జెప్పకు, రైలు దాక నేనొచ్చి తోల్త."

దారి ఎప్పటి నుంచో ఉంది. పోయి వచ్చిన ప్రతివాడూ తన అడుగుల జాడ తానే చెరుపుకుంటూ వచ్చాడు. అందుకే వెనకవాళ్ళకు అక్కడ దారి ఉన్నట్టే తెలియలేదు.

జములమ్మ మళ్ళీ తలుపు చాటున నిలబడింది. ఈసారి దవాఖాన మాట ఎత్తలేదు. మల్దకల్ తిమ్మప్పకు మొక్కుకున్నానని, ఆయన చేత తలనీలాలు ఇప్పించి, కొన్నాళ్ళు గుడిలో నిద్ర చేయించి తెస్తానని చెప్పింది. నాగన్న ముఖం వికసించింది. దేవుని దగ్గరికి పోవడంలో తలవంపు లేదు. "పోయి రా పిల్లా, మంచి మాట జెప్పినవు" అని తానే తమ్ముడి కాలి గొలుసు విప్పి, కొబ్బరికాయలు మూటగట్టి ఇచ్చాడు.

వనపర్తి రోడ్డు స్టేషనులో మల్దకల్ పోవాలంటే గద్వాల వైపు బండి ఎక్కాలి. ఖాజా మియా వాళ్ళను దానికి ఎదురు దిక్కున, దవాఖాన వైపు పోయే బండి ఎక్కించాడు. హన్మంతు రైలు పెట్టెలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాడు. జనం కాళ్ళు ముడుచుకున్నారు, తిట్టారు, ఒకడు నెట్టాడు. జములమ్మ ఆయన చెయ్యి పట్టుకొని ఆయనతో పాటే తిరిగింది. అట్లా ఆ దూరమంతా ఇద్దరూ నడుచుకుంటూనే పోయినట్టయింది.

దవాఖానలో ఎస్తేరమ్మ అనే నర్సు ఎదురొచ్చింది. తెల్లచీర కట్టుకున్నా మాట మన ఊళ్ళ మాటే. ఆమె హన్మంతును కూర్చోమని అనలేదు. ఆయన వెంట వరండాలో నడుస్తూ అడిగింది. "నిద్ర పట్టక ఎన్ని దినాలైందన్నా? తింటే సయిస్తున్నదా? సచ్చిపోవాలె అనిపిస్తున్నదా?"

జములమ్మ నోరు తెరుచుకొని చూసింది. ఇన్నాళ్ళూ అందరూ ఎవరి సమాధి దాటావనే అడిగారు. నిద్ర సంగతి ఎవరూ అడగలేదు. హన్మంతు నడక ఆపకుండానే తల ఊపాడు. "అవును అమ్మా, అనిపిస్తున్నది" అన్నాడు. తర్వాత డాక్టరు వచ్చి చూశాడు. ఎవరి దోషమూ కాదన్నాడు, దయ్యమూ కాదన్నాడు. కాళ్ళకూ కడుపుకూ జబ్బు చేసినట్టే మనసుకూ చేస్తుందన్నాడు. చేదు మందు తాగించారు.

మర్నాడు పొద్దెక్కింది, పక్క మంచాల వాళ్ళంతా లేచారు, హన్మంతు లేవలేదు. జములమ్మ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. ఆమె అట్లాగే నేల మీద కూలబడి, కొన్ని నెలల తర్వాత మొదటిసారి తాను కూడా నిద్రపోయింది.

ఒక్క మందుతో అంతా చక్కబడలేదు. కొన్ని రోజులు బాగుండేవాడు, కొన్ని రోజులు గోడల వెంట తిరిగేవాడు. వారాలు గడిచాయి. ఒకనాడు తానే మెట్టు మీద కూర్చొని గిన్నెడు అన్నం ఖాళీ చేశాడు. డాక్టరు పంపించేటప్పుడు మరీ మరీ చెప్పాడు. ఇది మళ్ళీ తిరగబెట్టవచ్చు, నెలనెలా వచ్చి చూపించుకొని మందు తీసుకుపోవాలి, మానకూడదు.

తిరుగు ప్రయాణంలో వనపర్తి రోడ్డు స్టేషను బయట జములమ్మకు అసలు చిక్కు గుర్తొచ్చింది. మొక్కు తీర్చుకొని వచ్చినవాడి తలకు గుండు ఉండాలి. హన్మంతు జుట్టు ఏపుగా పెరిగి ఉంది. ఒక ముసలి మంగలి గోడ నీడలో పొది విప్పుకొని కూర్చున్నాడు. ఆమె మొగుణ్ణి ఆయన ముందుకు తోసింది.

"ఎందుకే?" అన్నాడు హన్మంతు.

"మల్దకల్ పోయొచ్చినట్టుండాలె గద."

మంగలి తలకు నీళ్ళు రాశాడు, కత్తి నూరాడు. హన్మంతు కూర్చొనే ఆలోచించాడు. "మల్ల వచ్చే నెల ఏ దేవుని పేరు జెప్తవ్? ఆ మీది నెల? నా తలల గన్ని ఎంటికలు లేవే జములా."

జములమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చింది. తిమ్మప్ప పేరు అబద్ధానికి వాడుకున్నందుకు మనసులో లెంపలు వేసుకుంది. "వద్దులే తాతా, కత్తి పక్కకు వెట్టు" అంది మంగలితో.

ఇంటి ముందు అరుగు మీద నాగన్న నలుగురితో కూర్చొని ఉన్నాడు. తమ్ముడు నింపాదిగా నడిచి రావడం చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. మరుక్షణం చూపు తల మీదికి పోయింది. "గుండేది?" అన్నాడు.

జములమ్మకు ఎప్పటిలాగే తలుపు చాటుకు పోవాలనిపించింది. పోలేదు. అందరి ఎదుట, వీధిలో, బావ ముందు నిలబడి చెప్పింది. "మల్దకల్ పోలేదు బావా. దవాఖానకు పోయినం. ఈయనకు మనసుకు బీమారి వచ్చింది. మందిచ్చిన్రు, నయమైతున్నది. ఇంగ నెలనెల పోవాలె."

నాగన్న కండువా దులుపుకొని లోపలికి పోయాడు. ఖాజా మియా పేరు మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. ఖిల్లా ఘణపూర్ నుంచి నర్సమ్మ మనిషి వచ్చి తాంబూలాలు తిరిగి ఇచ్చిపోయాడు. పిచ్చి ఉన్న ఇంటికి పిల్లనివ్వరట. కృష్ణయ్య చిన్నమ్మతో మాట్లాడటం మానేశాడు. నాగన్న ఇంటి నడుమ గోడ పెట్టించి, కొట్టం వైపు సగం తమ్ముడికి ఇచ్చాడు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు జములమ్మ కడవకు తమ కడవ తగలకుండా జరుపుకునేవారు. జములమ్మ రాయి మనిషేం కాదు. అబద్ధం ఆడి గుండు చేయించి ఉంటే ఇంత ఉండేది కాదేమో అని ఒక్కోసారి కుమిలిపోయేది. హన్మంతు రెండు రోజులు నిద్ర సరిగా పోకపోతే చాలు, మళ్ళీ మొదలైందా అని ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

వానలు పడ్డాక ఒక సాయంత్రం దొడ్డి వాకిలి చప్పుడైంది. ముఖం నిండా కొంగు కప్పుకొని ఒక ఆడమనిషి లోపలికి జొరబడింది. కొంగు తీస్తే ఆమె నర్సమ్మ, తాంబూలాలు తిప్పి పంపిన నర్సమ్మ.

"మా పెద్దబిడ్డ కాన్పుకొచ్చింది జములమ్మా. పిల్లగాన్ని ఎత్తుకుంటలేదు. పాలియ్యదు. నిన్న వాన్ని నీళ్ళ గాబు దగ్గరికి తీస్కపోయి నిలవడ్డది. నేను సూడకుంటే..." నర్సమ్మ జములమ్మ చెయ్యి పట్టుకుంది. "గా దవాఖాన యాడున్నదో జెప్పు. నీ కాళ్ళు మొక్కుత."

జములమ్మకు మొదట కసి పుట్టింది. ఇది పిచ్చి ఇల్లు వదినే, ఇక్కడికెందుకొచ్చినవ్ అందామనుకుంది. కానీ వీధిలో ఏదో చప్పుడైతే నర్సమ్మ గబుక్కున అటు తిరిగి చూసింది. గొలుసు ఉన్నన్నాళ్ళూ తాను కూడా ప్రతి చప్పుడుకూ అట్లాగే తిరిగి చూసేది.

"ఎల్లుండి మేం పోతున్నం. మాతోని రాండ్రి. ఎస్తేరమ్మకు నేను జెప్త" అంది. ఆ పైన ఊరుకోలేక అనేసింది. "గని వదినే, గిట్ల దొడ్డి తొవ్వల రాకు. మల్ల గదే బాధ, ఎవ్వరికీ తెల్వది. ముందట్నుంచి రా."

నర్సమ్మ తల వంచుకుంది. కొంగు మళ్ళీ ముఖం మీదికి లాక్కుంది. వచ్చిన దొడ్డి వాకిలి నుంచే పోయింది. ఈమె రాదులే అనుకుంది జములమ్మ. ఆ రెండు రోజులూ ఆమె చెవుల్లో పిల్లవాడి ఏడుపే వినిపించింది. గాబు తలుచుకొని వంట చేస్తూ చేస్తూ ఉలిక్కిపడేది.

మూడోనాడు పొద్దెక్కాక జములమ్మ, హన్మంతు మూట కట్టుకొని గడప దిగబోతుంటే వీధిలో గజ్జెల చప్పుడైంది. ఒక బండి సరాసరి ఇంటి ముందుకొచ్చి ఆగింది. నాగన్న తన సగం అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఎదురింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. బండిలో పెద్దబిడ్డ ఎటో చూస్తూ కూర్చుంది, పసివాడు నర్సమ్మ ఒళ్ళో ఉన్నాడు. నర్సమ్మ ముఖానికి కొంగు లేదు. ఒకసారి నాగన్న వైపు చూసి, వీధి వీధంతా వినబడేటట్టు అరిచింది.

"జములమ్మా! మా పిల్లను దవాఖానకు తోల్కపోతున్నం. బండిల జాగున్నది, మీరు గూడ ఎక్కున్రి!"

నాగన్న లేచాడు. లోపలికి పోతాడనుకున్నారు. పోలేదు, నిలబడ్డాడు. జములమ్మ గబగబా మూట బండిలో వేసింది, పోదాం పోదాం అని తొందర పెట్టింది. హన్మంతు మాత్రం ఎక్కలేదు. ఎద్దుల ముందుకు పోయి, ఒకదాని డొక్క మీద చెయ్యి పెట్టి చూశాడు. అది రొప్పుతోంది.

"గంత దూరం నుంచి నడిచొచ్చినయి" అన్నాడు అన్న వైపు తిరిగి. "జరన్ని నీళ్ళు తేరాదే అన్నా. ఇవి జరసేపు ఆగినంక పోతం."

నాగన్న బకెట్టు తెచ్చి ఎద్దుల ముందు పెట్టాడు. అవి తాగినంతసేపూ హన్మంతు అరుగు మీద కూర్చున్నాడు.